బి గ్రూపు ఎక్కడ చూడాలి: బరంపురం వ్యాయామశాలలో ఫ్రీ డిష్, చందా స్ట్రీమింగ్ – ఒక కేస్ స్టడీ

ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటలో ఉన్న ఒక వెయిట్‌లిఫ్టింగ్ వ్యాయామశాల గురించిన కేసు ఇది. జాతీయ పోటీలు జరిగే రోజుల్లో ఇక్కడి లిఫ్టర్లు ఎక్కడో దూరాన వేదిక ఎక్కుతారు. వాళ్ళ అమ్మానాన్నలు, తోటి సాధకులు, వీధిలో పిల్లలు, అంతా కలిపి డెబ్భై మంది దాకా హాల్లో కూర్చుని చూడాలి. హాలు నలభై అడుగుల పొడవు, ఇరవై అయిదు అడుగుల వెడల్పు. కేబుల్ కనెక్షన్ ముందే ఉంది. ఒక స్ట్రీమింగ్ యాప్‌కు చందా కడితే సరిపోతుందా, డీడీ ఫ్రీ డిష్ (దూరదర్శన్ వారి చందా లేని డిష్ సేవ) పెట్టుకోవాలా అన్నది వ్యాయామశాల కమిటీ మమ్మల్ని అడిగిన ప్రశ్న.

రెండూ కావాలన్నదే మా సిఫార్సు. అయితే వాటికి సమాన స్థానం లేదు. డిష్ మూలాధారం. స్ట్రీమింగ్ మాత్రం డిష్‌లో రాని సెషన్ల కోసం, ఒకే కనెక్షన్ మీద, ఒకే తెర మీద. ముఖ్యంగా పొద్దున జరిగే బి గ్రూపు కోసం, అంటే ఎత్తుతామని ముందుగా తక్కువ బరువు రాసిచ్చినవాళ్ళ సెషన్ కోసం. చందా ఖర్చు చూసేవాళ్ళ జేబులోంచి కాకుండా కమిటీ నుంచో నిర్వాహకుల నుంచో రావాలి. అమెచ్యూర్ క్రీడకు ప్రేక్షకులు అంటే ఆడేవాళ్ళ కుటుంబాలూ, రేపు ఆడబోయే పిల్లలూ. వాళ్ళ ముందు డబ్బు గోడ కడితే క్రీడకు వచ్చే ఆదాయం కొంచెం, పోయేది తరవాతి తరం.

ఈ పేటలో ఈ ఆటకు వేళ్ళున్నాయి. బరంపురం లిఫ్టర్ కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం గెలిచారు. ఢిల్లీ క్రీడలకు ఆతిథ్య ప్రసార సంస్థ దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి, కాబట్టి ఊరంతా చందా లేకుండా చూడగలిగింది. సరిహద్దు దాటితే శ్రీకాకుళం జిల్లా. అక్కడి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో (బార్‌ను ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తరవాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి గ్లాస్గోలో పతకం అందుకున్నారు. ఇక్కడ హాల్లో కూర్చునే పిల్లలకు ఇవి ఇంట్లో వినే పేర్లు.

చట్టం ఎంతవరకు పనికొస్తుంది

2007 నాటి క్రీడా ప్రసార సంకేతాల చట్టం వల్ల అన్ని జాతీయ పోటీలూ దూరదర్శన్‌లో వస్తాయని చాలామంది అనుకుంటారు. అలా రావు. కేంద్రం ‘జాతీయ ప్రాముఖ్యం గలవి’గా ప్రకటించిన పోటీలకే ఆ చట్టం వర్తిస్తుంది. వాటి ప్రసార హక్కులు ఎవరు కొన్నా ప్రత్యక్ష ప్రసారాన్ని ప్రకటనలు లేకుండా ప్రసార భారతికి ఇవ్వాలి. టీవీ ప్రకటనల ఆదాయంలో హక్కుదారుకు 75, ప్రసార భారతికి 25 శాతం. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడలు ఈ కోవలోవి. ఒక ఫెడరేషన్ (ఆ ఆట జాతీయ సంఘం) ఏటా జరుపుకునే జాతీయ ఛాంపియన్‌షిప్‌కు ఆ రక్షణ ఉందనుకోకూడదు. దాన్ని దూరదర్శన్ చూపిస్తే, తాను ఒప్పుకుని చూపిస్తున్నట్టే.

రెండో సంగతి ఈ హాలుకు నేరుగా తగిలేది. అలా పంచుకున్న ప్రసారం ప్రసార భారతి సొంత టెరెస్ట్రియల్ (టవర్ నుంచి యాంటెన్నాకు), డీటీహెచ్ (ఉపగ్రహం నుంచి డిష్‌కు) వ్యవస్థల్లోనే వెళ్ళాలి, ప్రైవేటు కేబుల్‌కు వెళ్ళకూడదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ‘కేబుల్‌లో డీడీ స్పోర్ట్స్ ఉంది కదా’ అని డిష్ మానేస్తే, ఒలింపిక్స్ వంటి రోజున కేబుల్‌లోని డీడీ స్పోర్ట్స్‌లో వేరే కార్యక్రమం నడవొచ్చు. దూరదర్శన్ పాత అనలాగ్ టవర్లు 2022 నాటికి దాదాపుగా మూతపడ్డాయి కనుక యాంటెన్నా మీద కూడా ఆశ లేదు. మిగిలింది డిష్ ఒక్కటే.

మూడోది టికెట్టు. ప్రసార సంస్థ అనుమతి లేకుండా డబ్బు తీసుకుని జనానికి ప్రసారం చూపించడం 1957 కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ కింద ఆ సంస్థ హక్కును ఉల్లంఘించడమే. కాబట్టి తలుపు దగ్గర రుసుము వద్దు. తప్పనిసరి టీ కూపన్ పెట్టినా అది టికెట్టేనని వాదించే వీలుంటుంది, అదీ వద్దు. చందా యాప్‌ల సంగతి ఇంకొంచెం బిగువు. వాటి నిబంధనలు సాధారణంగా వ్యక్తిగత వినియోగానికే లాగిన్ ఇస్తాయి. రుసుము లేకపోయినా డెబ్భై మందికి తెర మీద వేయాలంటే యాప్ వాళ్ళ దగ్గరో, ఫెడరేషన్ ద్వారానో రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. పోటీకి మూడు వారాల ముందే ఉత్తరం పెట్టాలి. ఆఖరి రోజుల్లో జవాబివ్వడానికి అవతల ఎవరికీ తీరిక ఉండదు.

డిష్ బిగింపు

ఫ్రీ డిష్ ప్రసారం 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తుంది. బరంపురం నుంచి చూస్తే దిశ ఉత్తరం నుంచి సవ్యంగా దాదాపు 155 డిగ్రీలు, అంటే దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్య. ఎత్తు కోణం దాదాపు 65 డిగ్రీలు. ఎల్‌ఎన్‌బీని (డిష్ చేతి చివర ఉండి సిగ్నల్ అందుకునే భాగం) దాని గొట్టంలో 23 డిగ్రీలు తిప్పాలి. ఇచ్ఛాపురంలోనూ ఇవే కోణాలు పనిచేస్తాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వెళ్ళేకొద్దీ దిశ రెండు నుంచి నాలుగు డిగ్రీలు తూర్పుకు జరుగుతుంది. ఎత్తు కోణం మాత్రం దాదాపు అంతే.

కొత్తవాళ్ళను తికమక పెట్టేది డిష్ ఆకారం. ఇది ఆఫ్‌సెట్ డిష్, అంటే ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కిందివైపు ఉండేది. 65 డిగ్రీల ఎత్తున ఉన్న ఉపగ్రహాన్ని చూస్తున్నా, దాని ముఖం నలభై డిగ్రీలే పైకి లేచినట్టు కంటికి కనిపిస్తుంది. కంటి అంచనాతో ఇంకా పైకి ఎత్తితే సిగ్నల్ పోతుంది. బ్రాకెట్ మీద ఉన్న అంకెల స్కేలునే నమ్మాలి. స్తంభం నిటారుగా ఉంటేనే ఆ స్కేలు నిజం చెబుతుంది, అందుకని ముందు స్పిరిట్ లెవెల్‌తో స్తంభాన్ని సరిచూడాలి. కోణం ఇంత ఎక్కువ కావడం ఒక మేలు: డిష్‌కు మూడు మీటర్ల దూరంలో ఉన్న కొబ్బరిచెట్టు డిష్ కన్నా ఆరు మీటర్లకు పైగా ఎత్తుంటేనే అడ్డం వస్తుంది. ఇరుకు వీధుల్లో కూడా మేడ మీద చోటు దొరుకుతుంది.

బాక్సులో ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, 9750/10600 అని పెట్టి, ఫ్రీక్వెన్సీ 11090 లేదా 11170 వర్టికల్, సింబల్ రేటు 29500 ఎంచుకుని డిష్‌ను మెల్లగా తిప్పాలి. స్ట్రెంగ్త్ పట్టీని పట్టించుకోవద్దు. వైరు తగిలించగానే అది పెరుగుతుంది, ఉపగ్రహం దొరికినట్టు కాదు. క్వాలిటీ పట్టీ కదిలిన చోట ఆగి, పక్కకు, పైకి, చివరగా ఎల్‌ఎన్‌బీ తిప్పుతూ గరిష్ఠానికి తేవాలి. బోల్టు బిగించేటప్పుడు క్వాలిటీ తగ్గిపోవడం మామూలే. రెండు వైపులా నట్లను కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి.

ఇంటికి అరవై సెంటీమీటర్ల డిష్ చాలు. హాలుకు మాత్రం తొంభై సెంటీమీటర్లది పెట్టించాం. వైశాల్యం రెండుంపావు రెట్లు, సిగ్నల్ మూడున్నర డెసిబెల్స్ ఎక్కువ. ఈ డిష్ అందుకునే కేయూ బ్యాండు సిగ్నల్‌ను జోరువాన మింగేస్తుంది, డిజిటల్ బొమ్మ మసకబారదు, ఉన్నట్టుండి గడ్డకడుతుంది. మూడున్నర డెసిబెల్స్ ప్రతి వాననూ తట్టుకోవు గాని, గడ్డకట్టే నిమిషాలు గణనీయంగా తగ్గుతాయి. 2022లో గుజరాత్ జాతీయ క్రీడలు సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 12 దాకా జరిగాయి. మన తీరంలో అవి వానల రోజులు. పైగా అక్టోబరు మొదటి వారంలో, మళ్ళీ మార్చి రెండో వారంలో, ఉదయం పదకొండు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వచ్చి కొన్ని నిమిషాలు సిగ్నల్ పోతుంది. అప్పుడు మెకానిక్‌ను పిలవొద్దు, డిష్‌ను కదపొద్దు. దానంతటదే వస్తుంది.

వైరు ఆర్‌జీ-6 రకం కోయాక్సియల్, ముప్పై మీటర్ల లోపు, మధ్యలో అతుకు లేకుండా. గోపాల్‌పూర్ తీరం దగ్గర కాబట్టి ఉప్పుగాలికి కనెక్టర్లు ఏడాదిలోపే పచ్చగా తుప్పు పడతాయి. కంప్రెషన్ రకం ఎఫ్ కనెక్టర్, దాని మీద రబ్బరు టోపీ, ఎల్‌ఎన్‌బీ దగ్గర వైరును కిందికి ఒక వంపు తిప్పి నీళ్ళు అక్కడే కారిపోయేలా చెయ్యడం, ఈ మూడూ తప్పనిసరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తుపాను హెచ్చరిక వస్తే తొంభై సెంటీమీటర్ల డిష్‌ను విప్పి లోపల పెట్టాలి, లేకపోతే పిట్టగోడతో సహా ఊడుతుంది. విప్పే ముందు కోణాల దగ్గర మార్కర్‌తో గీతలు పెట్టుకుంటే తిరిగి బిగించడం పది నిమిషాల పని.

బాక్సు ఎంపెగ్-4 (కొత్త వీడియో పద్ధతి) ది కొనండి. పాత ఎంపెగ్-2 బాక్సుల్లో కొన్ని ఛానెళ్ళు రావు. ఛానెళ్ళ స్థానాలు మారుతుంటాయి కనుక పోటీకి ముందు రోజు ఒకసారి ఆటో స్కాన్ చెయ్యాలి.

డేటా ఎక్కడ అయిపోతుంది

కేసు మొత్తంలో కమిటీని నిర్ణయానికి తెచ్చింది ఈ లెక్కే, అందుకే వివరంగా రాస్తున్నాం.

వెయిట్‌లిఫ్టింగ్ సెషన్ ఇలా నడుస్తుంది. ఒక్కొక్కరికి మూడు స్నాచ్‌లు, మూడు క్లీన్ అండ్ జెర్క్‌లు. పిలిచాక 60 సెకన్లలో బార్ ఎత్తాలి, వరసగా రెండు ప్రయత్నాలూ ఒకరివే అయితే 120 సెకన్లు. బార్ మీద బరువు పెరుగుతూనే పోతుంది, తగ్గదు. అంటే తక్కువ బరువు అడిగినవాళ్ళు ముందు, బలమైనవాళ్ళు చివర. పన్నెండు మంది ఉన్న గ్రూపులో స్నాచ్ 36 ప్రయత్నాలు, ముప్పావు గంట. పది నిమిషాల విరామం. తరవాత క్లీన్ అండ్ జెర్క్ ఇంకో ముప్పావు గంట. మొత్తం గంటా నలభై నిమిషాలు పైచిలుకు. పతకాలు తేలేది ఆఖరి పది నిమిషాల్లో.

ఇప్పుడు ఫోను. 720పీ బొమ్మ సెకనుకు సుమారు 3 మెగాబిట్లు తింటుంది, గంటకు 1.35 జీబీ. ఇక్కడి ఇళ్ళలో ఎక్కువగా ఉండేది రోజుకు 1.5 జీబీ ప్యాక్. అది గంటా ఏడు నిమిషాలకు అయిపోతుంది. అంటే స్నాచ్ ముగిసి, విరామం ముగిసి, క్లీన్ అండ్ జెర్క్‌లో మొదటి కొన్ని ప్రయత్నాలయ్యాక. ఆ తరవాత వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, బొమ్మ ఆగిపోతుంది. పతకం ప్రయత్నం ఇంకా అరగంట దూరంలో ఉంటుంది. చందా కట్టిన మనిషికీ, యూట్యూబ్‌లో ఊరికే చూసే మనిషికీ ఇందులో తేడా లేదు, చందాదారు రెండుసార్లు కడతాడంతే. పగలు ఆ ఫోను మీద పిల్లలు ఇంకేమైనా చూసి ఉంటే స్నాచ్ కూడా పూర్తికాదు. 480పీకి దించితే గంటకు 0.45 జీబీ చాలు, సెషన్ మొత్తం చూడొచ్చు. ప్రేక్షకుల ఫోన్లలో ఆ సెట్టింగు మార్చి చూపించడం కమిటీ చెయ్యగల ఖర్చులేని సాయం.

ఇదే లెక్క హాలుకు వేస్తే: నలభై మంది నలభై ఫోన్లలో చూస్తే సెకనుకు 120 మెగాబిట్లు కావాలి. ఒకే సెల్ టవర్ మీద, అదీ సాయంత్రం వేళ, అది కష్టం. ఒకే ఫైబర్ కనెక్షన్ మీద ఒకే తెరకు 5 మెగాబిట్లు చాలు. అందుకే ఒకే తెర అన్నాం.

తెర, శబ్దం, కరెంటు

ఫోనులోని యాప్‌ను టీవీకి మిర్రర్ చేస్తే చాలా చందా యాప్‌లు నల్ల తెర చూపిస్తాయి. అది లోపం కాదు, కాపీ కాకుండా పెట్టిన రక్షణ. యాప్‌ను టీవీలోనో, టీవీ స్టిక్‌లోనో నేరుగా పెట్టుకోవాలి. వైడ్‌వైన్ ఎల్1 (యాప్‌లు అడిగే కాపీ రక్షణ ప్రమాణం) గుర్తింపు లేని చవక బాక్సుల్లో హెచ్‌డీ రాదు, ఎంత డబ్బు కట్టినా మసకే. లాగిన్ ఓటీపీ ఎవరి నంబరుకు వస్తుందో ఆ మనిషి పోటీ రోజుల్లో హాల్లో ఉండాలి.

ఫ్రీ డిష్‌లో మామూలు ఛానెల్ 720×576 చుక్కల బొమ్మ. ప్రొజెక్టర్ ఉంది కదా అని నూటయాభై అంగుళాలకు సాగదీస్తే బరువు అంకెలు అలుక్కుపోతాయి. వంద అంగుళాలు మించొద్దు, మొదటి వరస మూడు మీటర్ల వెనక. బొమ్మ మసకగా ఉన్నా ప్లేట్ల రంగుతో బరువు చెప్పొచ్చు: ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. పురుషుల బార్ 20, రెండు కాలర్లు కలిపి 5. కాబట్టి ఒక్కో వైపు రెండు ఎర్రవీ ఒక నీలం ఉంటే 165. మహిళల బార్ 15, ఒక్కో వైపు ఒక ఎరుపు, ఒక పసుపు ఉంటే సరిగ్గా 100. చిన్న ప్లేట్లలోనూ 2.5 కిలోలది ఎరుపే, పరిమాణం చూసి తేడా పట్టాలి. ఈ రంగుల పట్టిక పెద్ద అక్షరాలతో తెర పక్కన అంటిస్తే మొదటిసారి వచ్చిన అమ్మలు కూడా రెండో రోజుకు బరువు చెప్పేస్తారు.

వ్యాఖ్యానం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. హాల్లో టీవీ శబ్దం సగానికి తగ్గించి, ఆట తెలిసిన సీనియర్ లిఫ్టర్ ఒకరు మైకులో తెలుగులో చెప్పాలి: ఎవరు, ఎంత, ఎన్నో ప్రయత్నం, రిఫరీల మూడు లైట్లలో ఎన్ని తెలుపు (అంటే లిఫ్ట్ సరైనదన్న తీర్పు). పేటలో ఒడియా కుటుంబాలూ వస్తాయి కాబట్టి రెండు భాషలూ వచ్చినవాళ్ళు దొరికితే మరీ మంచిది. బార్ చేతిలో ఉన్నంతసేపు మైకు మాట్లాడకూడదు.

డిష్ ప్రసారం కన్నా స్ట్రీమ్ ఇరవై నుంచి నలభై సెకన్లు వెనకబడి ఉంటుంది. రెండూ ఒకేసారి ఒకే హాల్లో పెట్టొద్దు. ఒక మూల కేక పడితే ఇంకో మూల ఫలితం ముందే తెలిసిపోతుంది.

కరెంటు పోతే వీధిలోని కేబుల్ ఆంప్లిఫయర్లు కూడా ఆగిపోతాయి, డిష్ ఆగదు. ప్రొజెక్టర్ 280, స్పీకర్లు 60, బాక్సు, రౌటర్ కలిపి 30, మొత్తం 370 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న 900 వీఏ ఇన్వర్టర్ దీన్ని రెండున్నర గంటలు లాగుతుంది, అంటే ఒక సెషన్ పూర్తిగా. ప్రొజెక్టర్ బదులు 55 అంగుళాల టీవీ అయితే రెండు సెషన్లు.

టీవీ చూపించనిది

డిష్ పక్కాగా బిగించినా ఒక పెద్ద కొరత మిగిలింది. జాతీయ క్రీడల్లో ఒకేసారి పది ఆటలు నడుస్తాయి, డీడీ స్పోర్ట్స్ ఒక్కటే. స్నాచ్ మధ్యలో వేరే ఆట ఫైనల్‌కు మారిపోవడం సహజం. దానికంటే ముఖ్యమైనది గ్రూపుల సంగతి. ఎక్కువ ఎంట్రీ టోటల్ (ఎత్తుతామని ముందే రాసిచ్చే మొత్తం బరువు) ఇచ్చినవాళ్ళు ‘ఎ’ గ్రూపు, సాయంత్రం. మిగతావాళ్ళు బి, సి గ్రూపులు, పొద్దున. టీవీ చూపించేది ‘ఎ’ గ్రూపునే. చిన్న ఊళ్ళ నుంచి మొదటిసారి జాతీయ స్థాయికి వెళ్ళిన లిఫ్టర్లు ఎక్కువగా బి గ్రూపులో ఉంటారు. ర్యాంకులు మాత్రం గ్రూపులన్నీ కలిపి వేస్తారు, బి గ్రూపులో పొద్దున ఎత్తిన బరువు సాయంత్రానికి కూడా పతకంలో నిలబడొచ్చు. కుటుంబం చూడాలనుకునేది ఆ పొద్దుటి సెషన్‌నే. స్ట్రీమింగ్‌కు ఈ హాల్లో చోటిచ్చింది ఈ ఒక్క అవసరం.

అందుకే పనిక్రమం ఇలా పెట్టుకున్నారు. టెక్నికల్ సమావేశంలో తుది ఎంట్రీలు ఖరారయ్యాక జట్టు కోచ్ గ్రూపుల పట్టికను ఫొటో తీసి పంపుతారు. బోర్డు మీద మన లిఫ్టర్ల పేరు, గ్రూపు, సమయం, పక్కన ‘డిష్’ లేదా ‘స్ట్రీమ్’ అని రాస్తారు. బరువు తూకం సెషన్‌కు రెండు గంటల ముందు మొదలవుతుంది, ఎవరైనా బరువు తప్పితే కబురు అప్పుడే వస్తుంది, ఆ కుటుంబాన్ని పిలిచి కూర్చోబెట్టాల్సిన అవసరం ఉండదు. సాయంత్రం టీవీ వేరే ఆటకు మారితే ఎదురుచూడకుండా స్ట్రీమ్‌కు మారాలి, అందుకు లాగిన్ ముందే తెరిచి ఉంచాలి.

నిర్వాహకులు ఒప్పందంలో అడగాల్సినవి

చూసేవైపు ఎంత సర్దినా, బి గ్రూపును ఎవరూ తీయకపోతే చేసేదేమీ లేదు. రాష్ట్ర, జిల్లా సంఘాలు ఫెడరేషన్ ద్వారా ప్రసార ఒప్పందంలోనే మాట్లాడుకోవాలి. హక్కులన్నీ ఒకే యాప్‌కు గంపగుత్తగా ఇవ్వడం ఈ స్థాయి క్రీడకు నష్టమని మా గట్టి అభిప్రాయం. ఫైనల్ సెషన్లు ఉచిత టీవీకి. బి, సి గ్రూపులు ఎవరి సొత్తూ కాకుండా సంఘం సొంత యూట్యూబ్‌లోనూ, స్థానిక కేబుల్ ఛానెల్‌లోనూ. యాప్‌కు కావాలంటే విశ్లేషణ, పాత రికార్డింగుల భాండాగారం. లిఫ్టర్ తన ప్రయత్నాల క్లిప్‌ను స్వేచ్ఛగా వాడుకునే హక్కు విడిగా రాయించాలి. రైల్వే, పోలీసు క్రీడా కోటా ఉద్యోగాలకు సర్టిఫికెట్టే ఆధారం, నిజమే. కాని ఊరి దుకాణదారు సాయం చెయ్యడానికి ముందుకొచ్చేది ఆ అర నిమిషం క్లిప్ చూశాకే.

బి గ్రూపు తీయడానికి పెద్ద ప్రసార బండి అక్కర్లేదు. వేదిక నాలుగు మీటర్ల చదరం, ఆట అక్కడే జరుగుతుంది. కెమెరా ఎదురుగా, కొంచెం పక్కకు, స్టాండు మీద కదలకుండా ఉంటే చాలు. రిఫరీల లైట్లు కనిపించేలా రెండోది. ఓడబ్ల్యూఎల్‌సీఎంఎస్ అనే ఉచిత పోటీ నిర్వహణ సాఫ్ట్‌వేర్ స్కోరుబోర్డుతో పాటు స్ట్రీమ్ మీద పరిచే పేరు, బరువు, గడియారం పట్టీలను కూడా ఇస్తుంది. దాన్ని ఓబీఎస్ (కెమెరా బొమ్మను స్ట్రీమ్‌గా పంపే ఉచిత సాఫ్ట్‌వేర్) లో కలిపి పంపొచ్చు. 720పీకి అప్‌లోడ్ 4 ఎంబీపీఎస్ నికరంగా ఉండాలి. స్టేడియం వైఫై మీద ఆధారపడితే జనం నిండగానే పడిపోతుంది, కాబట్టి విడి ఫైబర్ లైను, దానికి తోడు వేరే కంపెనీ 4జీ సిమ్.

స్ట్రీమ్‌తో పాటు అదే కంప్యూటర్‌లో రికార్డింగు కూడా నడపాలి. 6 ఎంబీపీఎస్‌లో గంటకు 2.7 జీబీ, రెండు గంటల సెషన్‌కు అయిదున్నర, ఇరవై సెషన్లకు 110 జీబీ. 256 జీబీ డ్రైవులు రెండు చాలు. ఒకటి సంఘం దగ్గర, ఇంకొకటి కేబుల్ ఛానెల్‌కు. ఫైలు పేరులో తేదీ, బరువు విభాగం, గ్రూపు ఈ వరసలో ఉండాలి, అప్పుడు ఏ లిఫ్టర్ ప్రయత్నమైనా స్కోరు షీటు చూసి నిమిషంలో వెతికి ఇవ్వొచ్చు.